గ్రాంటు సరి, కొనుగోలు ఎన్నడు?

దేశరక్షణమునకు వలసిన నూతన యంత్రములను కనిపెట్టు పనిని చిన్న పరిశ్రమల కప్పగించి, అందులకు ప్రభుత్వమే కొంత ధనమిచ్చు ఐడెక్స్ అను పథకము 2018 ఏప్రిలులో చెన్నై సమీపమున జరిగిన రక్షణ ప్రదర్శనమున ఆరంభమైనది. సేనలు తమ కొఱతలను ప్రకటించును. చిన్న సంస్థలు పరిష్కారములను చూపును. ఎన్నికైన సంస్థకు కోటిన్నర రూపాయల వఱకు గ్రాంటు లభించును. ఈ పరిమితి పిమ్మట కొన్ని విషయములందు 10 కోట్లకును, 2024లో వెలసిన అదితి పథకమున 25 కోట్లకును పెరిగినది. ఇందులకు మేము మనసార హర్షించుచున్నాము. 1878 నాటి ఆయుధ శాసనము ఐరోపీయులను విడిచిపెట్టి, భారతీయుడు ఆయుధము నుంచుకొనుటకు లైసెన్సు కావలెనని విధించినది. అట్టి దేశమున నేడొక యువకుడు తన చిన్న కర్మాగారమున శత్రువుల డ్రోనును పడగొట్టు యంత్రమును సర్కారు ధనముతోనే తయారుచేయ గలుగుట సామాన్యమైన మార్పు కాదు.

అయినను లెక్కలు చూడవలయును. ప్రభుత్వము వెలువరించిన యంకెలను బట్టి 2025 ఫిబ్రవరి నాటికి 549 సమస్యలు ప్రకటింపబడి, 619 సంస్థలు పాల్గొనగా, 430 ఒప్పందములు కుదిరినవి. సేనలకై కొనుటకు అనుమతి లభించినట్లు ఆ సంవత్సరమున చెప్పబడిన వస్తువులు 43. వాని విలువ 2,400 కోట్ల రూపాయలకు పైబడినది గనుక అల్పమని మేమనము. చల్లిన గింజలన్నియు మొలవవు. కొన్ని యంత్రములు పరీక్షలో ఓడును, కొన్ని యింకను తయారగుచుండును. పదింట తొమ్మిది వ్యర్థమైనవని కేకలు వేయుట అన్యాయము. మా ప్రశ్న వేఱు. మిగిలిన వానిలో ఓడినవెన్ని? నెగ్గియు ఫైళ్ళలో నిలిచిపోయినవెన్ని? ఈ విభజన ఆ యంకెలలో లేదు.

ఈ గ్రాంటును దానమని భ్రమించువారు గలరు. సర్కారు ఎంత యిచ్చునో సంస్థయు దానికి సరిపడ తన పాలు చేర్చవలయును. సర్కారు సొమ్మైనను ఒక్కొక్క మెట్టు ముగిసిన కొలది విడతలుగా వచ్చును. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోనికి రాదు. పదిమంది పనివాండ్రతో నడచు సంస్థకు ఆ పాలు అప్పుగా తెచ్చినదే కావచ్చును. నమూనా తయారై, పరీక్షలో నెగ్గి, పిమ్మట రెండేండ్లు ఉత్తరము రాకున్నచో వడ్డీ యాగునా? మంగళగిరి చీర ఒక అంగడిలో అమ్ముడు పోకున్న మఱియొక అంగడికి పోవును. రాడారును సంతకు తీసికొనిపోవుటెట్లు? కొనువాడు సర్కారొక్కడే, విదేశములకు పంపవలెనన్న మరల ఆ సర్కారు అనుమతియే కావలయును.

ఈ చిక్కు మనకు మాత్రమే పుట్టినది కాదు. అమెరికా దేశము 1982లో ఇందులకై ప్రత్యేక శాసనము చేసి, బయటివారిచే చేయించు పరిశోధనలకు ఏటేట 10 కోట్ల డాలర్లకు మించి వెచ్చించు ప్రతి ప్రభుత్వశాఖయు అందులో కొంత భాగమును చిన్న సంస్థలకే కేటాయింపవలెనని నిర్ణయించినది. 2017 నాటికి ఆ భాగము నూటికి 3.2 అయినది. అచ్చట మెట్లు మూడు. మొదటి రెండింట ఈ పద్దు నుండి ధనము లభించును. మూడవదియైన కొనుగోలునకు ఈ పద్దున కాసైన లేదు. ఆ మూడవ మెట్టుకడనే అక్కడి సంస్థలును తడబడుచున్నవి. గ్రాంటు వెంట గ్రాంటు సంపాదించుటయే వ్యాపారముగా పెట్టుకొన్నవారును అచ్చట లేకపోలేదు. ఆ రోగము మనకంటకుండ చూచుకొనవలయును. కాని వారి చట్టమున మేలైన యంశమొకటి గలదు. మొదటి మెట్లలో పోటీపడి నెగ్గినవానిని కొనుగోలు వేళ మరల టెండరునకు ఈడ్వ నక్కఱలేదు. వాని సాంకేతిక వివరములకు 2019 నుండి 20 ఏండ్ల రక్షణయు గలదు. న్యాయవాది కంటికి గ్రాంటు కంటె ఈ రెండు మాటలే విలువైనవి.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. క్షిపణి పరిశోధనాలయములును, 1970లో స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ కర్మాగారమును హైదరాబాదుననే యున్నవి. బాలానగరు ప్రాంతపు చిన్న వర్కుషాపులు వానికి విడిభాగములు చేసి పేరొందినవి. గీచి యిచ్చిన పటమును బట్టి భాగము చేయుటలో వారికున్న నేర్పు లోకమెఱుగును. వారే పటము గీయువారు కావలెనన్న, తాము గీచినదానిని కొనువాడు కలడను నమ్మకము వారికి కలుగవలయును.

ప్రభుత్వమునకీ సంగతి తెలియకపోలేదు. ఈ సంస్థల విషయమున కొనుగోలు అవసరమును అంగీకరించిన నాటి నుండి ఒప్పందము వఱకు సుమారు 22 వారములే పట్టునట్లు 2022లో పద్ధతిని సవరించిరి. 2025 నవంబరు 1 నుండి అమలైన కొనుగోలు నిబంధనావళిలో, నూతన వస్తువులను తయారుచేసినవారికి ఐదేండ్ల వఱకు ఆర్డర్లకు హామీ నిచ్చు ఏర్పాటును చేర్చిరి. మంచిదే. అయితే ఆ నిబంధనావళి నిర్వహణపు పద్దు క్రింది కొనుగోళ్ళకే వర్తించును. 22 వారములన్నను అవసరమును అంగీకరించిన పిమ్మటనే లెక్క మొదలగును. ఆ యంగీకారమునకు ముందు గడచు కాలమును లెక్కించువారెవరు?

చేసినదెల్ల కొనుడని మేము కోరుట లేదు. పనికిరాని యంత్రమును దయతలచి కొన్నచో దాని ఫలము సరిహద్దున సైనికుడనుభవించును. పరీక్ష ముగిసిన ఆఱు మాసములలోగా కొందుమనియో, కొనమనియో, కొననిచో ఇందువలననియో వ్రాతమూలకముగ తెలుపవలెనని మాత్రమే మా కోరిక. "లేదు" అను మాట సకాలమున విన్నవాడు అప్పు తీర్చుకొని వేఱు పని చూచుకొనును.

రాబోవు పార్లమెంటు సమావేశములలో మన ప్రతినిధు లీ ప్రశ్న వేయవలయునని కోరుచున్నాము: ఆ 430 ఒప్పందములలో నమూనా ముగిసినవెన్ని, పరీక్షలో నెగ్గినవెన్ని, నెగ్గిన నాటి నుండి జవాబునకై యెదురుచూచుచున్న సంస్థలెన్ని, ఒక్కొక్కటి ఎన్ని దినములుగా?