దేవగన్నేరుకు తొమ్మిది నెలలు!

గుడి ఆవరణలో దేవగన్నేరు చెట్టు ఉంటే అందరి చూపూ పూల మీదే. ఆకుల చాటున ఎద్దు కొమ్ముల్లా జంటగా వేలాడే కాయల్ని గమనించేవారు తక్కువ. కనిపించినా తెగులేమోనని తుంచి పారేసేవారూ ఉంటారు. కానీ ఆ చెట్టు నుంచి కొత్త రంగు పువ్వు రావాలంటే ఆ కాయే దారి.

అసలు కాయ పడటమే అరుదు. ఈ పువ్వులో తేనె ఉండదు. రాత్రివేళ గుప్పుమనే సువాసనకు మోసపోయి మాత్‌లు తేనె కోసం పువ్వు పువ్వూ తిరుగుతాయి. ఆ తిరుగుడులో పుప్పొడి సరైన చోట అంటితేనే పిందె. అది ముదరడానికి మళ్లీ ఎనిమిది, తొమ్మిది నెలలు!

అన్ని నెలలు ఆగి చివర్లో తొందరపడితే శ్రమంతా వృథా. పచ్చి కాయ కోస్తే గింజ లేతగా ఉంటుంది, మొలవదు. పైగా కారే పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి. కాయ నల్లబడి, ఎండి, నిలువునా చీలడం మొదలైతేనే గింజ తయారైనట్టు.

అలాగని అశ్రద్ధ చేసినా నష్టమే. మునగ గింజలాగే దీనికీ రెక్క ఉంటుంది. కాకపోతే ఒక్కటే, కాగితమంత పల్చన. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు మొవ్వలోనైనా, పక్కనున్న కూచిపూడిలోనైనా వేసవిలో ఖాళీ చేల మీదుగా వీచే గాలి సంగతి తెలిసిందే. కాయ చీలిందంటే ఒక్క పూటలో గింజలన్నీ ఎగిరిపోతాయి. అందుకే కాయ రంగు మారగానే పాత దోమతెర ముక్కను సంచిలా తొడిగి దారంతో కట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

సంచిలో రాలిన గింజల్ని రెండు రోజులు నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచాలి. తాజా గింజలైతే బాగా మొలుస్తాయి. డెల్టా నల్లమట్టి నీటిని పట్టి ఉంచుతుంది కనుక సగానికి సగం ఇసుక కలపాలి. లావుపాటి కొస కిందికి, రెక్క పైకి ఉండేలా గుచ్చి, మట్టి ఆరినప్పుడల్లా కొద్దిగా తడపాలి. వారం, రెండు వారాల్లో మొలకొస్తుంది. నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది.

పువ్వు చూడాలంటే రెండు, మూడేళ్లు పట్టొచ్చు. అదీ తల్లి చెట్టు పువ్వులాగే ఉంటుందన్న హామీ లేదు. ఒకే కాయలోని గింజలు తలో రంగూ పూయొచ్చు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఈ చెట్టుకు ప్రపంచమంతటా ఇన్ని వన్నెలు రావడానికి కారణం ఇదే. ఫ్రెంచి వృక్ష శాస్త్రవేత్త చార్లెస్ ప్లూమియర్ (1646-1704) పేరు మీదే దీనికి ప్లుమేరియా అన్న పేరు వచ్చింది.

మరి అమ్మమ్మగారి పెరట్లోని ఆ పువ్వే కావాలంటే? గింజ పనికిరాదు. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరేలా వారం పది రోజులు నీడలో ఉంచి నాటుకోవాలి. పాత పువ్వుకు కొమ్మ, కొత్త పువ్వుకు గింజ. చెట్టు రెండూ ఇస్తుంది. కాయను తుంచి పారేయకుంటే చాలు!