తంగేడు కొమ్మ - పాలపిట్ట

తైలవర్ణ చిత్రకళ ధనవంతుల విలాసమనీ, మన వంటి కళాశాలలకు అక్కరలేని ఆడంబరమనీ కొందరు పెద్దల అభిప్రాయం. ఆ మాటను మేము గౌరవంతోనే విన్నాము, కాని అంగీకరించలేకపోతున్నాము.

తంగేడు కొమ్మను, దానిపై వాలిన పాలపిట్టను కాన్వాసుపై నిలుపబూనిన విద్యార్థి మొదట నేర్చేది చూడటం. వాలి ఉన్న పాలపిట్టలో గోధుమవన్నె ముందు కనబడుతుంది. రెక్క విప్పినప్పుడే నీలం వెల్లివిరుస్తుంది. ఆ నీలం ఈకలోని రంగుపదార్థం కాదు. ఈక నిర్మాణంలో వెలుగు చెదరినందువలన కలిగే శోభ. కేలండరు బొమ్మకు నకలు తీసేవారికి ఈ సంగతి ఎన్నటికీ బోధపడదు.

పిమ్మట నేర్చేది ఓపిక. నీటిరంగు నీరు ఆవిరి కాగానే ఆరుతుంది. అవిసెనూనెతో నూరిన రంగు అట్లు ఆరదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే అడుగుపూతలో నూనె తక్కువగాను, పైపూతలలో ఎక్కువగాను ఉండాలని నియమం. తొందరపడి ఈ క్రమం తప్పితే కొన్నాళ్లకు పైపొర పగుళ్లు వారుతుంది. పునాది చాలని చదువుకు పట్టే గతి కూడ ఇదే కదా!

ఇట్టి సాధన మనకు పరాయిది కాదు. జహంగీరు ఆస్థానంలో 'నాదిర్-ఉల్-అస్ర్' బిరుదు పొందిన ఉస్తాద్ మన్సూర్ నూనెరంగులు వాడలేదు. అయినను 1620లో పాదుషా కాశ్మీరయాత్ర నాడు నూటికి పైగా పూలను చిత్రించాడు. హాలెండులో కారెల్ ఫాబ్రీషియస్ 1654లో సన్నని గొలుసుతో కట్టబడిన చిన్న పిట్టను తైలవర్ణాలలో చిత్రించి, ఆ ఏడే డెల్ఫ్ట్ నగరపు మందుగుండు ప్రేలుడులో మరణించాడు. ఆ పిట్ట మాత్రం హేగ్ నగరపు మారిట్స్‌హుయిస్ మ్యూజియంలో నేటికీ చూపరులను నిలవేస్తున్నది.

దసరానాడు దర్శనం కోసమని పాలపిట్టలను పట్టి పంజరాలలో త్రిప్పేవారు ఇంకను ఉన్నారు. ఒక పక్షిని నెల దినాలు శ్రద్ధగా గమనించి చిత్రించిన చేయి, మరల దాని రెక్కలను కట్టదని మా నమ్మకం. కళ వలన కలిగే సంస్కారం ఇదే.

ఖర్చు మాటకు మా సమాధానం స్వల్పం. తెలుపు, మరి మూడు రంగులు, పూత వేసిన అట్టముక్కలు ఆరంభానికి చాలును. మేము కోరునది ముఖ్యంగా స్థలం: ఉత్తరపు వెలుగు, ధారాళంగా గాలి వచ్చే కిటికీలు, తడి చిత్రాలను వారాల తరబడి ఎవరూ కదల్చని ఒక చిన్న గది. కమిటీవారు దయతో ఆలోచింతురు గాక! గది లభించిన నాడు, దానిని వ్యర్థం చేయకుండ శ్రమించే బాధ్యత విద్యార్థులమైన మాది.