సిస్టమ్స్‌ ఇంజినీరింగ్‌.. పేరు చూసి అప్పు చేయొద్దు

పొదటూరుపేటలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు ఇంజినీరింగ్‌ చదవడం ఇప్పుడు వింతేమీ కాదు. 'మావాడు సిస్టమ్స్‌ ఇంజినీరు అయినాడు' అని నలుగురిలో చెప్పుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. సంతోషించాల్సిందే. అయితే ఆ మాట వెనుక ఒక తికమక ఉంది. కొన్ని పెద్ద సాఫ్ట్‌వేర్‌ కంపెనీలు కొత్తగా చేరినవారికి ఇచ్చే హోదా పేరు అది. విశ్వవిద్యాలయాల్లో ఎంటెక్‌గానో, ఎంఎస్‌గానో చెప్పే సిస్టమ్స్‌ ఇంజినీరింగ్‌ వేరు. రెండూ ఒకటే అనుకుని, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పైచదువుకు పంపితే దెబ్బతినేది నేత కుటుంబాలే.

ఇంతకీ ఏమిటీ చదువు? మగ్గం తెలిసినవారికి చెప్పడం తేలిక. గుడ్డ ఎక్కువ దిగాలని మోటారు వేగం పెంచితే చాలదు. పడుగుకు గంజి సరిగా పట్టాలి, నూలు గట్టిగా ఉండాలి, కరెంటు నిలకడగా రావాలి. ఒక్కటి తప్పినా పోగులు తెగుతాయి, మగ్గం ఆగుతుంది. ఇలా అన్ని భాగాలూ కలిసి ఎలా పనిచేస్తాయో ముందే ఆలోచించి, ఎక్కడ ఏది తప్పినా తట్టుకునేలా మొత్తాన్ని రూపొందించడమే సిస్టమ్స్‌ ఇంజినీరింగ్‌. రాకెట్లు, విమానాలు, మెట్రో రైళ్లు, విద్యుత్‌ గ్రిడ్లు అన్నింటికీ దీని అవసరం ఉంది.

శ్రీహరికోట నుంచి ఎగిరిన చంద్రయాన్‌ ఇందుకు మంచి పాఠం. 2019 సెప్టెంబరులో చంద్రయాన్‌-2 ల్యాండర్‌ చంద్రుడిపై దిగబోయి కూలింది. ఇంజిన్ల తోపుడు అనుకున్నదానికంటే ఎక్కువైంది. ఆ తేడాలు పేరుకుపోయాయి, దిగాల్సిన చోటు కూడా 500 మీటర్ల చదరమే కావడంతో సర్దుకునే వీలు చిక్కలేదు. ఇస్రో తర్వాత వివరించిన కారణాలివి. అందుకే చంద్రయాన్‌-3ని 'ఏమేం తప్పవచ్చు' అన్న ప్రశ్నతో మొదలుపెట్టి తీర్చిదిద్దారు. 2023 ఆగస్టు 23న అది క్షేమంగా దిగింది. ప్రాజెక్టు డైరెక్టర్‌ పి.వీరముత్తువేల్‌ విల్లుపురానికి చెందిన రైల్వే టెక్నీషియన్‌ కుమారుడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్‌ డిప్లొమాతో మొదలై మద్రాస్‌ ఐఐటీలో పీహెచ్‌డీ దాకా వెళ్లారు. చిన్న ఊరు, సామాన్య కుటుంబం అడ్డు కావని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆయన దారిలో గమనించాల్సింది మరొకటుంది. మొదట ఒక విద్యలో పట్టు, ఆ తర్వాతే పెద్ద వ్యవస్థల పని. కాబట్టి బీఈలో మెకానికల్‌, ఎలక్ట్రికల్‌, ఎలక్ట్రానిక్స్‌, కంప్యూటర్‌ సైన్స్‌.. ఏదో ఒకటి గట్టిగా నేర్చుకోవాలి. గేట్‌ పరీక్షలో మంచి స్కోరు వస్తే బొంబాయి ఐఐటీలో సిస్టమ్స్‌ అండ్‌ కంట్రోల్‌, ఖరగ్‌పూర్‌ ఐఐటీలో ఇండస్ట్రియల్‌ అండ్‌ సిస్టమ్స్‌ ఇంజినీరింగ్‌ వంటి విభాగాల్లో ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు. గేట్‌తో చేరినవారికి నెలకు రూ.12,400 ఉపకార వేతనం ఉంది. అంటే అప్పు లేకుండానే పైచదువు సాధ్యమన్నమాట!

ఈ రంగంలో అనుభవానికే విలువ. 'ఇన్‌కోస్‌' అనే అంతర్జాతీయ మండలి ఇచ్చే వృత్తి ధ్రువపత్రానికి కనీసం ఐదేళ్ల అనుభవం అడుగుతారు. బీఈ ముగియగానే అమెరికా ఎంఎస్‌కు పరుగెత్తేవారు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ ఈ చదువుకు ఎక్కువ ఉద్యోగాలిచ్చేది రక్షణ, అంతరిక్ష సంస్థలు. ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల వాటిలో చాలా కొలువులు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే దక్కుతాయి. ఈ ముక్క కన్సల్టెన్సీ వాళ్లు ముందుగా చెప్పరు. అప్పు పత్రంపై సంతకం పెట్టే తండ్రికి మాత్రం ఇది తెలిసి తీరాలి.

తమిళనాట అవకాశాలకు కొదవలేదు. కౌన్సెలింగ్‌ ద్వారా చేరే తొలితరం పట్టభద్రులకు ట్యూషన్‌ ఫీజు రాయితీ ఉంది. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ఇంజినీరింగ్‌ సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ 2021లో చట్టం వచ్చింది. 2022లో మొదలైన 'నాన్‌ ముదల్వన్‌' పథకం ఉద్దేశమే విద్యార్థికి దారి చూపడం. కానీ పళ్లిపట్టు, తిరుత్తణి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లిదండ్రులకు ఇవన్నీ అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి కదా?

ప్లస్‌టూ ఫలితాలు వచ్చాక హడావుడి పడితే లాభం లేదు. ఏడాదికి రెండుసార్లు, మగ్గాలకు సెలవున్న రోజున, బడిలోనే తల్లిదండ్రులను కూర్చోబెట్టి తెలుగులోనూ, తమిళంలోనూ వివరించే ఏర్పాటు విద్యాశాఖ చేయాలి. ఈ ఊళ్ల నుంచి వెళ్లి ఇంజినీర్లయినవారు ఒక పూట వచ్చి తమ మంచిచెడ్డలు చెప్పాలి. నూలు కొనేటప్పుడు పోగు పట్టి చూసేవారు, లక్షలు పోసే చదువును పేరు చూసి కొనకూడదు.