ఇంటిల్లిపాదినీ రానిచ్చే దేశం

శంషాబాద్‌లో బ్యాంకాక్ విమానం ఎక్కే వరుసను చూడండి: ఐటీ కుర్రకారుతో పాటు బట్టల కొట్ల యజమానులు, కాంట్రాక్టర్లు, తొలిసారి పాస్‌పోర్టు పట్టుకున్న నానమ్మలు కనిపిస్తారు. మనవాళ్లకు బీచ్‌ల మీద, షాపింగ్ మీద మోజు పెరిగిందని విశ్లేషకులు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. 2023 నవంబరులో థాయిలాండ్, డిసెంబరులో మలేషియా భారతీయ పర్యాటకులను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాయి. అసలు సంగతి అక్కడుంది. అదే ఐరోపా దేశాల షెంగెన్ వీసాకైతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రిటర్నులు, సెలవు ఇచ్చినట్టు ఆఫీసు లేఖ, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, వేలిముద్రలు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. చేతిలో డబ్బుండీ కాగితం మీద చూపలేని రైతూ, చిల్లర వర్తకుడూ ఇక్కడే ఆగిపోతారు. డబ్బు పోతుందన్న దిగులు కన్నా వాళ్లను వెనక్కి లాగేది ఇంకొకటుంది: ఇంట్లో నలుగురికి వచ్చి ఒక్కరికి రాకపోతే? పైగా ఒకసారి కాదన్నారంటే, రేపు బ్రిటన్‌కో కెనడాకో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ సంగతి రాయాలి. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకు ఆ భయం మరీ ఎక్కువ. అందుకే మనసులో పారిస్ ఉన్నా టికెట్ బ్యాంకాక్‌కే కొంటారు. నానమ్మను ఇంట్లో వదిలి వెళ్లడానికి ఇష్టపడని ఆ ఎంపికంటే నాకు గౌరవం. మన పర్యాటకులు నిజంగా కావాలనుకుంటే ఐరోపా దేశాలు ముందు జీతం స్లిప్పు లేని సంపాదనను లెక్కలోకి తీసుకోవాలి, ప్రకటనల సంగతి తర్వాత చూసుకోవచ్చు.