కల్వకుర్తి చరిత్రల మన బిడారు ఏది?


కల్వకుర్తి అంటే ఎవరైనా చెప్పేది రెండే ముచ్చట్లు. 1989ల ఎన్టీఆర్ ఇక్కడ ఓడిపోయిండని, 2016ల నాగర్‌కర్నూల్ జిల్లాల కలిసినమని. అంతకు ముందుదంతా "నిజాం పాలన" అని ఒక్క మాటతో దాటేస్తరు.

ఆ మాట చాటుకు ఇంగ్లీషోళ్ల పెత్తనం దాగి ఉన్నదని మా అభిప్రాయం. 1798 ఒప్పందంతో నిజాం కంపెనీ సైన్యాన్ని శాశ్వతంగా నెత్తిన పెట్టుకున్నడు. దాని ఖర్చు కింద 1800ల కడప, బళ్లారి సీమలు ఇచ్చేసిండు. 1839ల కర్నూలు కూడా కంపెనీ చేతికి పోయింది. అంటే కల్వకుర్తి నుంచి శ్రీశైలం దిక్కు పోతే, కృష్ణ దాటంగనే వేరే సర్కారు. నల్లమల చెంచులకేమో రెండు ఒడ్లా అడవి ఒక్కటే. హద్దు గీసినోళ్లు వాళ్లను అడగలే.

ఇగ మన లంబాడీల సంగతి. 1791ల కార్న్‌వాలిస్ టిప్పు మీదికి శ్రీరంగపట్నం దాకా పోయిండు. ఎడ్లు చచ్చి, తిండి దొరకక, తన పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టుకొని తిరిగొచ్చిండు. మరుసటేడు మళ్లీ పోయి గెలిచిండు. ఆ రెండోసారి సైన్యానికి ధాన్యం మోసినోళ్లల్ల ముఖ్యులు బంజారా బిడార్లు. పుస్తకాలల్ల కార్న్‌వాలిస్ పేరుంటది, ఎడ్లు తోలిన నాయక్‌ల పేర్లు మాత్రం వెతకాల్సిందే. (దీన్ని ద్రోహమనో, వీరత్వమనో ఇప్పుడు ముద్ర వేసుడు మాకు నచ్చదు. అది వాళ్ల వ్యాపారం. ఎవరు కొంటే వాళ్లకు అమ్మిన్రు.)

యుద్ధం లేనప్పుడు కోస్తా ఉప్పు దక్కనుకు వచ్చింది కూడా ఆ కంట్లాల మీదనే. 1874ల వాడి–సికింద్రాబాద్ రైలు వచ్చింది. రోడ్లు, రైళ్లు పెరిగిన కొద్దీ లదేణి కూలిపోయింది. అంతకు మూడేండ్ల ముందే, 1871ల, బ్రిటిష్ ఇండియాల నేరస్త జాతుల చట్టం తెచ్చిన్రు. పుట్టుకతోనే దొంగ అని రాసుకునే చట్టమది. దాని నీడ నిజాం ఇలాకాల కూడా పడ్డది. ఉప్పు తెచ్చినోని మీద అనుమానం మిగిలింది. ఎడ్లు పోయినంక మనోళ్లు చెల్కలు దున్నుకుంట తండాలల్ల నిలిచిన్రు.

"మీరు ఎక్కడినుంచో వచ్చినోళ్లు" అని క్లాసుల ఎవడన్నా అంటే తలకాయ దించుకునే పని లేదు. తిరుగుడే మన పని, ఆ తిరుగుడుతోనే ఊర్లకు ఉప్పు అందింది. నల్లమలల మనకంటే ముందున్నది చెంచులే. అది ఒప్పుకుంటే మన కథకు వచ్చే నష్టమేం లేదు.

2018 చట్టంతో మన తండాలు చాలా వరకు గ్రామ పంచాయతీలైనయి. ఆఫీసు వచ్చింది, బోర్డు వచ్చింది, తండా కథ రాసిన కాయితం మాత్రం రాలే. ఈసారి తీజ్‌కు ఇంటికి పోయినప్పుడు తాతలను, యాడీలను కూసోబెట్టి ఫోన్‌ల రికార్డ్ చేయండి, గోర్‌బోలిలనే. తండాకు ఏ నాయక్ పేరు పెట్టిన్రు, ఏ దిక్కు నుంచి వచ్చిన్రు, ఎడ్లు ఏ చెరువు కాడ ఆగేటివి అని అడగండి. అమ్రాబాద్ దిక్కు చెంచు తమ్ముళ్లు, చెల్లెండ్లు మీ పెంటలల్ల కూడా అడగండి. రికార్డింగులు ఇక్కడనే పెట్టండి, రాసే పని మేము పంచుకుంటం.