గోడ మీది బొమ్మకు వయస్సెంత?

పిల్లలూ!

తపాలా బిళ్ళలూ, పాత నాణేలూ పోగుచేసేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. పాత సినిమా పోస్టర్లు పోగుచేయడం కూడా ఒక విద్యే. "చిత్తుకాగితాలతో విద్య ఏమిటి మాస్టారూ?" అంటారా? వినండి మరి.

మన దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా'. అది 1931 మార్చి 14న బొంబాయిలో మెజెస్టిక్ సినిమాహాలులో విడుదలయింది. ఇవాళ ఆ చిత్రం ప్రతి ఒక్కటి కూడా దొరకడం లేదు. ఆ మాటలూ పోయాయి, పాటలూ పోయాయి. కొన్ని ఫోటోలూ, ప్రకటనల కాగితాలూ మాత్రం మిగిలాయి.

మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతీ చూడండి. అది 1931లో వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. తరువాత పాత సెన్సారు వివరాలూ, పత్రికా ప్రకటనలూ వెదికి చూస్తే, 1932 ఫిబ్రవరి 6న విడుదలయినట్లు తేలింది. చూశారా! చిత్తుకాగితమే చరిత్రను సరిదిద్దింది.

ఐతే పోస్టరు దాచుకోవడానికి పుట్టినది కాదు, గోడకు అంటించడానికి పుట్టింది. మైదాపిండి జిగురుతో అంటిస్తే ఎండకు వెలిసేది, వానకు నానేది. జిగురు రుచి మరిగిన ఆవులు కొంత నమిలేవి. మిగిలినదాని మీద వచ్చేవారం కొత్త బొమ్మ ఎక్కేది. కాబట్టి ఈనాటికి బతికినవి చాలావరకు అసలు గోడ ఎక్కనివే.

పాత పోస్టర్లను లిథో పద్ధతిలో అచ్చువేసేవారు. నూనె, నీరు కలవవు గదా! ఆ సూత్రం మీదనే 1790లలో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు. నున్నని రాతి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాతిని నీటితో తడిపి, సిరా పూసిన రోలరు దొర్లిస్తారు. జిడ్డున్నచోటనే సిరా అంటుకుంటుంది. ఎన్ని రంగులుంటే అన్ని రాళ్ళు కావాలి. తరువాత రాళ్ళకు బదులు జింకు రేకులు వచ్చాయి.

ఇక అసలేదో, నకలేదో తెలుసుకోవడం ఎలా? భూతద్దం తీసుకోండి. చేతితో గీసిన లిథో బొమ్మలో సుద్దగీత గరుకుదనం కనిపిస్తుంది. ఫోటోలున్న పాత పోస్టర్లలో ఫోటో ఉన్నచోట సన్నని చుక్కలు వరుసగా కనిపిస్తాయి. అది తప్పు కాదు. కాని సినిమా పేరులోని అక్షరాలు కూడా రంగురంగుల చుక్కలుగా విడిపోతే, అది పాత పోస్టరుకు ఫోటో తీసి మళ్ళీ అచ్చువేసినదేమో అని అనుమానించాలి.

మరొక చిక్కున్నది. 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో దానికే రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. అప్పుడూ పోస్టర్లు వేశారు. అవి దొంగవి కావు. కాని 1957 సంగతులకు సాక్ష్యం చెప్పలేవు. పోస్టరులో రంగులున్నాయిగదా అని అది 2010 నాటిదనుకోకండి. నలుపు తెలుపు చిత్రాలకు కూడా రంగుల పోస్టర్లు వేసేవారు! ఆ రంగులన్నీ చిత్రకారుడి ఊహలోనివే. అందుకే పోస్టరు మూలల్లో చిత్రకారుడి సంతకం, అచ్చువేసిన ప్రెస్సు పేరు వెదకండి. 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి వందల చిత్రాలకు పోస్టర్లు వేసిన ఈశ్వర్‌గారి సంతకం మీకూ కనిపించవచ్చు.

నకలును గదిలో అందానికి పెట్టుకుంటే తప్పులేదు. పాతదని చెప్పి అమ్మితే మాత్రం రెండు మోసాలు. కొన్నవాడి డబ్బు పోతుంది. రేపు దానిని చూసి చరిత్ర రాసేవాడు అబద్ధం రాస్తాడు.

దాచే పద్ధతి కూడా నేర్చుకోండి. చిరిగినచోట టేపు అంటించకండి. కొన్నేళ్ళకు దాని జిగురు కాగితంలోకి ఇంకి మచ్చ పడుతుంది. లామినేషన్ అసలే వద్దు. దాన్ని మళ్ళీ ఊడదీయలేము. మడత పెట్టకుండా, ఎండా తేమా తగలనిచోట పరిచి ఉంచండి. గోడల మీదివి చింపి తేకండి సుమా!

ఈ నెల మీరు చేయవలసిన పని ఇది. తాతగారినీ, అమ్మమ్మనూ అడిగి పాత పెట్టెలు వెదకండి. పోస్టరు దొరక్కపోతే సినిమా పాటల పుస్తకమైనా దొరకవచ్చు. అది ఎవరిది, ఏ ఊళ్ళో, ఎప్పుడు కొన్నదో అడిగి, ఒక చీటీ మీద రాసి దానితోపాటు దాచండి. ఆ సంగతులు తెలిసినవారు ఉండగానే అడగాలి. ఆలస్యం చేయకండి.