విప్పమన్నా వాళ్లే... కప్పమన్నా వాళ్లే!

మా అక్క కూతురు జర్మనీలో ఎమ్మెస్ చదివి అక్కడే ఉద్యోగం చేస్తోంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. మొన్నామధ్య చేసినప్పుడు గొంతు కాస్త తేడాగా అనిపించింది. "ఏమైందే?" అంటే కాసేపు నసిగి, ఆ తర్వాత చెప్పింది.

ఆఫీసులో వాళ్లంతా కలిసి ఒక శనివారం ఆవిరిస్నానానికి పోదామనుకున్నారట. దాన్ని సౌనా అంటారు. కొయ్యగదిలో సెగ పెట్టి, ఒళ్లంతా చెమట పట్టేదాకా కూర్చుని, ఆ తర్వాత చన్నీళ్లు పోసుకోవడం. మా పిల్ల ఈతకు వేసుకునే బట్టలు సంచిలో పెట్టుకుని ఉత్సాహంగా పోయింది. తీరా చూస్తే తలుపు దగ్గర బోర్డు: బట్టలతో లోపలికి రాకూడదు! ఆడా మగా అందరికీ ఒకటే గది, ఒకటే నియమం. తువ్వాలు మాత్రం తీసుకుపోవచ్చు. అదీ చెమట కొయ్యకు అంటకుండా కింద పరుచుకోవడానికి.

"నేను బయట కాఫీ తాగుతా కూర్చుంటి చిన్నమ్మా. వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. కానీ సోమవారం అందరూ ఆ కబుర్లే చెప్పుకుంటాంటే నేనొక్కదాన్నే పల్లెటూరిదాన్ని అయిపోయినట్లుండె. నాదేనంటావా తప్పు?"

"నీ తప్పేముందే, పిచ్చిదానా" అని ఫోన్ పెట్టేశాను. కానీ బియ్యంలో రాళ్లు ఏరుతున్నా అదే ఆలోచన. "కోసిగిలో కూర్చుని జర్మనీ వాళ్ల స్నానాల గురించి నీకెందుకు బెంగ?" అని మా ఆయన నవ్వారు. నాకు మాత్రం ఇది జర్మనీ సంగతి అనిపించలేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

పడమటి దేశాల్లో బట్టల్లేకుండా ఎండలో, నీళ్లలో గడిపేవాళ్ల కోసం ప్రత్యేకంగా తీరాలు, విడిదులు ఉన్నాయి. వాటిలో రెండు రకాలు. ఒకచోట 'నీ ఇష్టం, కట్టుకుంటే కట్టుకో, లేకపోతే లేదు' అంటారు. రెండోచోట 'లోపలికొస్తే విప్పాల్సిందే' అంటారు. ఆ రెండు వర్గాల మధ్య పెద్ద వాదమే ఉంది. 2025లో జర్మనీలోని రోస్టాక్ అనే సముద్రతీర పట్టణంలో నగ్నతీరాలకు బట్టలతో వచ్చేవాళ్లను బయటికి పొమ్మనవచ్చని నియమం పెట్టారు. అక్కడ బట్టలతో ఉండేవాళ్లకు వేరే తీరం ఉంది, ఇద్దరూ కలిసి ఉండేదీ ఉంది.

'విప్పాల్సిందే' అనేవాళ్ల వాదన మొదట వింటే నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే అందులో న్యాయం లేకపోలేదు. అందరూ ఒకే తీరుగా ఉంటే ఎవరూ ఎవరినీ చూడరట. నలుగురు బట్టలు కట్టుకుని మధ్యలో కూర్చుంటే మాత్రం వాళ్లు చూసేవాళ్లయిపోతారు, మిగిలినవాళ్లు చూడబడేవాళ్లయిపోతారు. సిగ్గు నగ్నత్వంలో లేదు, ఆ తేడాలో ఉంది అంటారు వాళ్లు.

ఈ మాట దగ్గరే నా చేతిలో చేట ఆగిపోయింది.

పదిహేనేళ్ల కిందట నా తొలి కాన్పు. ఊరు, ఆసుపత్రి పేరు ఎందుకులెండి. నొప్పులతో మెలికలు తిరుగుతున్నదాన్ని బల్ల మీద పడుకోబెట్టి, చీర మొత్తం తీయించారు. పక్కబల్ల మీద ఇంకొక తల్లి. ఇద్దరి మధ్యా తెర లేదు. తలుపు వేసేవాళ్లు లేరు. ఆయాలు వస్తున్నారు, పోతున్నారు. ఎవరో ఒకాయన బల్బు మార్చడానికి నిచ్చెన పట్టుకుని వచ్చాడు. "దుప్పటి కప్పండమ్మా" అని నేను అడిగితే, "ఇప్పుడొచ్చిందా సిగ్గు?" అని ఒకామె కసిరింది. ఆ గదిలో అందరూ బట్టలతో ఉన్నారు, మేమిద్దరం తప్ప. బిడ్డ పుట్టిన సంతోషంలో అవన్నీ మరిచిపోతారంటారు. నేను మరిచిపోలేదు. డిగ్రీ చదివిన దాన్ని, కథలు రాసుకునే దాన్ని, ఆ మాటకు బదులు చెప్పలేకపోయానని ఇప్పటికీ మనసులో ముల్లు.

అంటే, విప్పాల్సిందేననే నియమం మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. విడిదిలో కాదు, మనం పోక తప్పని చోట్ల ఉంది. 2022 జులైలో కేరళలోని కొల్లం దగ్గర నీట్ పరీక్ష రాయడానికి వచ్చిన ఆడపిల్లల చేత లోపలి బట్టలు తీయించిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. డాక్టరు కావాలని ఏళ్ల తరబడి చదివిన పిల్ల ఆ గుమ్మం దగ్గర 'నేను పోను' అని వెనక్కి తిరగగలదా? మా కోసిగి పక్క పల్లెల నుంచి ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోయే ఆడవాళ్లను అడగండి. గుడారాల్లో కాపురం. స్నానాలగది ఉండదు. తెల్లారకముందే లేచి, ఒకరు స్నానం చేస్తుంటే ఇద్దరు చీర పట్టుకుని నిలబడతారు. వాళ్లను విప్పమని ఎవరూ చెప్పలేదు. గోడ కట్టివ్వలేదు, అంతే.

అలాగని నగ్నత్వమంటేనే పాపమని నేననను. మన సీమలో పుట్టినవాళ్లెవరూ అనలేరు. ఆదోనిలో లక్ష్మమ్మ అవ్వకు ఏటా రథం లాగుతారు. దళిత కుటుంబంలో పుట్టిన ఆ అవధూత దిగంబరిగా వీధుల్లో తిరిగిందని పెద్దలు చెప్తారు. పిచ్చిదన్న ఊరే తర్వాత చేతులెత్తి మొక్కింది. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందు, పన్నెండో శతాబ్దంలో, అక్క మహాదేవి కట్టుబట్టలు వదిలేసి, జుట్టే బట్టగా చేసుకుని, చెన్నమల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ శ్రీశైలం వచ్చింది. దారిలో కల్యాణంలో శరణుల సభలో అల్లమప్రభువు ఆమెను అడిగాడట: అన్నీ వదిలినదానివి, మరి జుట్టెందుకు కప్పుకున్నావని! చూడండి విడ్డూరం. విప్పితే ఎందుకు విప్పావంటారు, కప్పితే ఎందుకు కప్పావంటారు. ఇది తనకోసం కాదు, చూసేవాళ్ల కోసమేనన్న అర్థం వచ్చేలా ఆమె జవాబిచ్చిందని కథ. అవ్వ గానీ, అక్క గానీ 'మీరూ నాలాగే రండి' అని ఇంకొక ఆడదాన్ని బలవంతపెట్టలేదు. విప్పినా కప్పినా నిర్ణయం వాళ్లది.

అక్క మహాదేవి పుట్టిన ఉడుతడి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో ఉంది. అదే జిల్లాలో చంద్రగుత్తి ఉంది. అక్కడి రేణుకాంబ కొండకు, మొక్కు ఉన్నవాళ్లు నదిలో మునిగి, నూలుపోగు లేకుండా నడిచి వెళ్లే ఆచారం ఉండేది. వాళ్లలో చాలామంది పేద దళిత ఆడవాళ్లు. 'మొక్కే కదా, వాళ్ల ఇష్టమే కదా' అనేవారు. గట్టు మీద నిలబడి చూసే జనం మాత్రం బట్టలతోనే ఉండేవారు. 1986లో దళిత సంఘర్ష సమితి కార్యకర్తలు అడ్డుపడితే పెద్ద గొడవైంది. కార్యకర్తలనూ, పోలీసులనూ కొట్టి బట్టలు ఊడదీశారు. ఆడపోలీసులను కూడా వదల్లేదు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ సేవను నిషేధించింది. మొక్కు తీర్చకపోతే అమ్మ కోపగిస్తుందని, బిడ్డకు జబ్బు చేస్తుందని చిన్నప్పటి నుంచీ భయపెట్టి, ఆనక 'నీ ఇష్టం' అంటే అది ఇష్టమెట్లా అవుతుంది?

అందరికీ ఒకే నియమం పెడితే సమానత్వం వచ్చేసినట్లేనా? దానికీ మన దగ్గరే జవాబుంది. గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల జైనాచార్యుడు కుందకుందుడి ఊరని చెప్తారు. బట్ట వదలనివాడికి, ఎంత గొప్పవాడైనా సరే, మోక్షం లేదని ఆ దిగంబర సంప్రదాయం చెప్తుంది. నియమం అందరికీ ఒకటే. కానీ లోకంలో ఆడది బట్ట వదిలి తిరగలేదు కాబట్టి, ఆడజన్మలో మోక్షం లేదని కూడా అదే సంప్రదాయం తేల్చింది! శ్వేతాంబరులు ఒప్పుకోలేదు. కర్ణాటకలో, మన ఆంధ్రలో ఒకప్పుడు ఉండిన యాపనీయులనే జైనులు ఇంకొక దారి చూపించారు. వాళ్ల మునులు దిగంబరులే, అయినా బట్ట కట్టుకున్న ఆడవాళ్లకూ మోక్షం ఉందన్నారు. చూశారా, ఒకే నియమం మగవాడికి తలుపు తెరిచి, ఆడదాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. బయట కాఫీ తాగుతూ కూర్చున్న మా అక్క కూతురులాగా.

కప్పుకోవాల్సిందేననేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? పంజాబీ డ్రెస్ మీద చున్నీ లేదని కాలేజీ గేటు దగ్గర నిలబెట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తే. 2016లో ఫ్రాన్సులో దానికి తిరగబడిన తమాషా జరిగింది. ఒళ్లంతా కప్పే ఈతబట్టలతో ముస్లిం ఆడవాళ్లు సముద్రతీరానికి రాకూడదని కొన్ని ఊళ్లు నిషేధం పెట్టాయి. నీస్ నగరంలో ఒకామె చుట్టూ పోలీసులు నిలబడి పైబట్ట తీయించిన ఫోటోలు లోకమంతా చూసింది. ఆ ఆగస్టులోనే అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం అలాంటి ఒక ఊరి నిషేధాన్ని నిలిపేసింది. ఒక దేశంలో కప్పలేదని లాఠీ, ఇంకొక దేశంలో కప్పిందని జరిమానా! లాఠీ పట్టుకున్నవాడికి కావలసింది మన సిగ్గు కాదు, మన ఒంటి మీద పెత్తనం.

ఇన్ని చెప్పి నా అభిప్రాయం ఏమిటంటారా? నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఒకటి: ఆ గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తిరిగి వచ్చేస్తే నేనేమి పోగొట్టుకుంటాను? రెండు: ఆ గదిలో బట్టలతో నిలబడి చూసేవాళ్లెవరు?

సౌనాలో చూసేవాళ్లు లేరు. వెనక్కి వచ్చేస్తే ఒక సాయంత్రం పోతుంది, కొంచెం చిన్నతనంగా ఉంటుంది, అంతే. కాబట్టి ఇష్టపడి వెళ్లేవాళ్లు ఆ నియమం పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే రాలేనివాళ్లకు ఇంకొక రోజో, ఇంకొక గదో ఉండాలి. పరీక్ష హాలు అలాంటిది కాదు, కాన్పు గది అలాంటిది కాదు, కూలికి పోయిన చేను అలాంటిది కాదు. అక్కడి నుంచి వెనక్కి వస్తే చదువు పోతుంది, ప్రాణం పోతుంది, కూడు పోతుంది. పోక తప్పని చోట తెర కూడా తప్పనిసరిగా ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఆడదాన్ని బలవంతంగా వివస్త్రను చేయబోతే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలని 2013లో చట్టం చేశారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 76వ సెక్షన్. కాన్పు గదుల్లో తల్లికి మర్యాద, చాటు ఉండాలని, తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలని 2017లో కేంద్రం 'లక్ష్య' అనే కార్యక్రమమే పెట్టింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కావలసింది ఒక కడ్డీ, నాలుగు రింగులు, రెండు గజాల బట్ట. "ఇప్పుడొచ్చిందా సిగ్గు?" అనని ఒక నోరు. ఈసారి మీ ఇంట్లో కాన్పుకు ఎవరితో తోడు వెళ్లినా, మందుల చీటీ కంటే ముందు "తెర ఏదమ్మా?" అని అడగండి. అడిగితే కసురుతారు. అయినా అడగండి. పది మంది అడిగితే పదకొండో ఆమెకు తెర ఉంటుంది.

పోయిన ఆదివారం మా అక్క కూతురు మళ్లీ ఫోన్ చేసింది. ఆ సౌనాలో వారానికొక రోజు ఆడవాళ్లకు మాత్రమేనట. ఆఫీసులో ఇంకొక అమ్మాయితో కలిసి పోయి వచ్చిందట.

"మరి... ఎట్ల పోయినావే?" అని గొంతు తగ్గించి అడిగాను.

"అది మాత్రం చెప్పను చిన్నమ్మా" అని కిలకిలా నవ్వింది.

నేనూ మళ్లీ అడగలేదు. మీరైతే అడిగేవారా?